బ్యాటరీ మీది అంకె, దాన్ని పరీక్షించిన చరిత్ర

సెల్‌ఫోన్ కొన్న కొత్తలో ఒకసారి ఛార్జి చేస్తే రోజున్నర నిలుస్తుంది. రెండు మూడేళ్ళు గడిచేసరికి మధ్యాహ్న భోజనం వేళకే ప్లగ్గు కోసం వెతుక్కోవలసి వస్తుంది. అప్పుడు మీరు బ్యాటరీ మార్పించడానికి దుకాణానికి వెళతారు. దుకాణదారు రెండు బ్యాటరీలు చూపిస్తాడు. ఒకటి ఫోన్ తయారు చేసిన కంపెనీది. రెండోది చూడడానికి అచ్చం అలాగే ఉంటుంది. ధర తక్కువ, పైగా దాని మీద అచ్చు వేసిన అంకె పెద్దది. "ఇది డబుల్ బ్యాకప్ ఇస్తుందండీ" అంటాడు. ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చు? నమ్మడానికి ముందు దాన్ని ఎలా పరీక్షించాలి?

ఈ ప్రశ్న సెల్‌ఫోన్లతో పుట్టింది కాదు. బ్యాటరీలు అంగడి సరుకుగా మారిన నాటి నుంచీ ఉన్నదే. 'మాది ఎక్కువ కాలం వస్తుంది' అని అమ్మేవారు అంటూనే ఉన్నారు, నిజమా కాదా అని తేల్చే పద్ధతిని శాస్త్రజ్ఞులు కొంచెం కొంచెంగా కనిపెడుతూనే ఉన్నారు. ఒక సందర్భంలో ఆ పరీక్షను నిజాయితీగా చేసినందుకు ఒక ప్రభుత్వ సంస్థ అధిపతి ఉద్యోగానికే ఎసరు వచ్చింది. ఆ కథతో సహా బ్యాటరీ పరీక్షల చరిత్రను ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

అంకె ఎలా పుట్టింది?

ఇటలీకి చెందిన అలెస్సాండ్రో వోల్టా 1800 సంవత్సరంలో లండన్‌లోని రాయల్ సొసైటీకి ఒక లేఖ రాశాడు. రెండు వేర్వేరు లోహాల బిళ్ళలను ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యమధ్య ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలు పెడితే ఎడతెగని విద్యుత్ ప్రవాహం వస్తుందని అందులో వివరించాడు. ప్రపంచానికి తెలిసిన మొదటి బ్యాటరీ అదే. దాని బలాన్ని కొలవడానికి అప్పట్లో సరైన సాధనం లేదు. వేళ్ళకు ఎంత షాక్ తగిలింది, నాలుక మీద ఎంత చురుక్కుమంది అన్నవే కొలతలు.

కొలతకు పునాది వేసినవాడు మైకేల్ ఫారడే. ఆయన 1833, 1834 సంవత్సరాలలో ప్రకటించిన నియమాల ప్రకారం, ఒక ఘటంలో రసాయన చర్యకు లోనయ్యే పదార్థం పరిమాణానికీ, దానిగుండా ప్రవహించే విద్యుత్ పరిమాణానికీ విడదీయరాని లెక్క ఉంది. ఇన్ని గ్రాముల పదార్థం నుంచి ఇంత విద్యుత్తే వస్తుంది, అంతకు మించి రాదు. ఇది చాలా ముఖ్యమైన విషయం, దీన్ని గుర్తు పెట్టుకోండి. సెల్‌ఫోన్ బ్యాటరీ మీది అంకెను నిలదీయడానికి మళ్ళీ ఇదే మనకు పనికి వస్తుంది.

తరువాత బ్యాటరీ ప్రయోగశాల దాటి తంతి కార్యాలయాలకు చేరింది. మన దేశంలో విలియం ఓషానెస్సీ 1839లో కలకత్తాలో తంతి ప్రయోగాలు చేశాడు. 1851లో కలకత్తా నుంచి డైమండ్ హార్బర్ దాకా తంతి లైను పనిచేయడం మొదలుపెట్టింది. రాత్రింబవళ్ళు వార్తలు పంపవలసిన చోట బ్యాటరీ ఎంత కాలం వస్తుందన్నది ఖర్చుతో ముడిపడిన ప్రశ్న అయింది. 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటె మళ్ళీ మళ్ళీ ఛార్జి చేసుకోదగిన సీసపు బ్యాటరీని తయారు చేశాడు. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ వోల్టు, ఓమ్, ఆంపియర్, కులూంబ్ వంటి ప్రమాణాలను ఖరారు చేసింది. అప్పటి నుంచి ఒక దేశంలో కొలిచిన బ్యాటరీని మరొక దేశంలో కొలిచినదానితో పోల్చడం సాధ్యమైంది.

మీ ఫోన్ బ్యాటరీ మీద కనిపించే ఎం.ఏ.హెచ్. అంటే మిల్లీ ఆంపియర్ అవర్. ఒక ఆంపియర్‌లో వెయ్యో వంతు ప్రవాహాన్ని ఒక గంట సేపు ఇచ్చే విద్యుత్ పరిమాణం అది. కులూంబులలో చెప్పాలంటే 3.6. మూడు వేల ఎం.ఏ.హెచ్. బ్యాటరీ అంటే 10,800 కులూంబుల విద్యుత్తును ఇస్తానని చేసిన వాగ్దానం.

కొత్తలో బాగుంటే చాలదు

వాగ్దానం మొదటి రోజున నిలబడితే సరిపోదని నేర్పిన అనుభవం థామస్ ఎడిసన్‌ది. మోటారు బండ్ల కోసం ఆయన నికెల్, ఇనుములతో కొత్త బ్యాటరీ తయారు చేసి 1903 ప్రాంతంలో అమ్మకానికి పెట్టాడు. కొద్ది కాలానికే సెల్లులు కారడం, ధారణ శక్తి తగ్గిపోవడం బయటపడ్డాయి. ఎడిసన్ 1904లో ఉత్పత్తిని ఆపి, మళ్ళీ ఏళ్ళ తరబడి పరీక్షలు జరిపి 1909లో మెరుగైన రకాన్ని విడుదల చేశాడు. ఆ రెండో రకం మన్నికకు పేరు తెచ్చుకుంది. కొత్త బ్యాటరీకి చేసే ధారణ పరీక్ష వేరు, వందల సార్లు ఛార్జి చేసి ఖాళీ చేసి చూసే ఆయుః పరీక్ష వేరు అన్నది ఇందులోని పాఠం. ఈ రోజుకూ 'ఎక్కువ కాలం వస్తుంది' అన్న ఒక్క మాటలో ఈ రెండూ కలగలిసిపోతున్నాయి.

ఒక పొడి, ఒక పరీక్ష, ఒక ఉద్యోగం

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో జెస్ రిచీ అనే వ్యాపారి ఏడీ-ఎక్స్2 అనే పొడిని అమ్మసాగాడు. కార్లలో వాడే సీసపు బ్యాటరీలో ఈ పొడి వేస్తే చచ్చిన బ్యాటరీ కోలుకుంటుందనీ, దాని ఆయుర్దాయం పెరుగుతుందనీ ఆయన చెప్పేవాడు. పొడిలో ఉన్నవి ప్రధానంగా సోడియం సల్ఫేట్, మెగ్నీషియం సల్ఫేట్ అనే మామూలు లవణాలే.

అమెరికా ప్రభుత్వంలో తూనికలకూ కొలతలకూ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్. ఇలాంటి పొడులను ఆ సంస్థ అంతకు ముందు నుంచే పరీక్షిస్తూ వచ్చింది. వాటివల్ల ప్రయోజనం లేదని 1951లో ఒక పత్రం కూడా ప్రచురించింది. తన పొడి మిగతావాటి వంటిది కాదని రిచీ వాదించాడు. పొడి వాడి సంతోషించినవారి చేత ఉత్తరాలు రాయించాడు. చిన్న వ్యాపారిని ప్రభుత్వం అణచివేస్తోందని కొందరు సెనేటర్లు ఆయన పక్షాన నిలిచారు. బ్యూరో 1952లో ఏడీ-ఎక్స్2ను ప్రత్యేకంగా పరీక్షించింది. పొడి కలిపిన బ్యాటరీలనూ కలపని బ్యాటరీలనూ ఒకే తీరుగా ఛార్జి చేసి పక్కపక్కన పోల్చింది. రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

1953లో కొత్త ప్రభుత్వం వచ్చింది. బ్యూరో వాణిజ్య శాఖ కింద ఉండేది. సరుకు మంచిచెడ్డలను నిర్ణయించవలసింది బజారు కాని ప్రయోగశాల ఒక్కటే కాదన్నది కొత్త వాణిజ్య మంత్రి సింక్లెయిర్ వీక్స్ అభిప్రాయం. ఆ ఏడాది మార్చిలో బ్యూరో డైరెక్టరు ఆలెన్ ఆస్టిన్‌ను రాజీనామా చేయమన్నారు. దేశమంతటా శాస్త్రజ్ఞులు నిరసించారు. బ్యూరోలో పనిచేసే వందలాది మంది తామూ తప్పుకుంటామన్నారు. ఏప్రిల్‌లో మంత్రి వెనక్కి తగ్గి ఆస్టిన్‌ను తాత్కాలికంగా కొనసాగించాడు. ఆగస్టులో ఆస్టిన్ పదవి స్థిరపడింది. పొడి విషయం తేల్చమని నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌ను కోరగా, బ్యూరో పరీక్షలు సరిగానే ఉన్నాయనీ పొడికి విలువ లేదనీ ఆ సంస్థ నియమించిన సంఘం 1953 చివరలో నివేదిక ఇచ్చింది. ఆస్టిన్ 1969 దాకా ఆ పదవిలో ఉన్నాడు.

మరి వాడినవాళ్ళంతా అబద్ధం చెప్పారా? లేదు. ఇక్కడే అసలు కిటుకు ఉంది. కొంతకాలం వాడకుండా పడేసిన సీసపు బ్యాటరీ పలకల మీద సల్ఫేటు పేరుకుంటుంది. దాన్ని నెమ్మదిగా, ఎక్కువ సేపు ఛార్జి చేస్తే ఏ పొడీ లేకుండానే కొంత కోలుకుంటుంది. పొడి వేసినవారు దానితో పాటు ఛార్జి కూడా చేశారు. ఫలితం ఛార్జింగ్‌ది, పేరు పొడిది. పొడి వేయని రెండో బ్యాటరీ పక్కన లేకపోతే ఈ సంగతి ఎవరికీ తెలియదు. వెయ్యి మంది మెప్పు చూపలేనిదాన్ని పక్కన పెట్టిన ఒక్క బ్యాటరీ చూపిస్తుంది.

ఫోన్‌లోకి వచ్చిన లిథియం

ఇప్పుడు మన కాలానికి వద్దాం. 1970లలో స్టాన్లీ విటింగ్‌హామ్ లిథియం బ్యాటరీకి బాట వేశాడు. 1980లో జాన్ గుడినఫ్ బృందం లిథియం కోబాల్ట్ ఆక్సైడును ప్రతిపాదించింది. 1985లో జపాన్‌కు చెందిన అకిరా యోషినో శుద్ధ లిథియం లోహానికి బదులు కర్బన పదార్థాన్ని వాడి సురక్షితమైన నమూనా రూపొందించాడు. సోనీ సంస్థ 1991లో దాన్ని బజారుకు తెచ్చింది. ముగ్గురికీ కలిపి 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఫారడే గీసిన హద్దు ఈ బ్యాటరీకీ వర్తిస్తుంది. లిథియం కోబాల్ట్ ఆక్సైడు ఒక గ్రాముకు సిద్ధాంతం ప్రకారం ఇవ్వగలిగింది సుమారు 274 ఎం.ఏ.హెచ్. అందులోని లిథియమంతా లాగేస్తే స్ఫటికం దెబ్బతింటుంది కనుక చాలాకాలం సగం దాకానే వాడుకున్నారు. రెండో వైపున ఉండే గ్రాఫైటుకు హద్దు 372 ఎం.ఏ.హెచ్. వీటికి తోడు లోహపు రేకులు, ద్రావణం, పైతొడుగు బరువు ఉంటాయి. అన్నీ కలుపుకొని ఫోన్లలో వాడే మంచి సెల్లు ఒక కిలోకు ఇచ్చేది ఉజ్జాయింపుగా 250 వాట్ అవర్లు. గ్రాఫైటులో సిలికాన్ కలిపిన కొత్త రకాలు ఈ మధ్య దీన్ని కొంత పెంచాయి కాని రెట్టింపు చేయలేదు.

దీనితో ఒక చిన్న లెక్క వేద్దాం. బ్యాటరీ బరువు 40 గ్రాములు అనుకోండి. కిలోకు 250 చొప్పున అందులో పట్టేది 10 వాట్ అవర్లు. దాన్ని 3.7 వోల్టులతో భాగిస్తే సుమారు 2,700 ఎం.ఏ.హెచ్. వస్తుంది. ఆ బ్యాటరీ మీద 5,000 అని రాసి ఉంటే అది కిలోకు 460 వాట్ అవర్లకు పైగా ఇవ్వాలి. మామూలు ఫోన్ బ్యాటరీ ఇవ్వగలిగే లెక్క కాదది. బంగారం తూచే కాటా ఒకటి చాలు, ఇంతవరకు తేల్చడానికి.

నిజంగా సామర్థ్యం పెంచాలంటే పరిమాణం పెంచాలి. స్మార్ట్‌ఫోన్ల తొలి రోజుల్లో నిజాయితీగా అలా చేసినవారూ ఉన్నారు. 2011లో అమెరికాలో విడుదలైన హెచ్‌టీసీ థండర్‌బోల్ట్ ఫోన్‌కు మామూలు బ్యాటరీ 1,400 ఎం.ఏ.హెచ్. దానికి విడిగా అమ్మిన పెద్ద బ్యాటరీ 2,750 ఎం.ఏ.హెచ్. పెద్దదానితో పాటు ఉబ్బెత్తుగా ఉండే వేరే వెనక మూత కూడా ఇచ్చేవారు. ఫోన్ లావెక్కింది, బరువు పెరిగింది, ఆ మేరకు కాలమూ పెరిగింది. లావూ బరువూ పెరగకుండా అంకె ఒక్కటే పెరిగితే అనుమానించాలి.

బ్యాటరీ మార్చినా పోని ప్రమాదం

అంకె తప్పయితే పోయేది డబ్బే. కట్టుదిట్టం తప్పితే ఇంకా పెద్ద నష్టం. 2007 ఆగస్టులో నోకియా సంస్థ తన బీఎల్-5సీ రకం బ్యాటరీల గురించి ఒక హెచ్చరిక విడుదల చేసింది. 2005 డిసెంబరు, 2006 నవంబరు మధ్య మత్సుషిత సంస్థ తయారు చేసిన 4 కోట్ల 60 లక్షల బ్యాటరీలు ఛార్జింగ్ సమయంలో వేడెక్కే అవకాశం ఉందనీ, కోరినవారికి ఉచితంగా మార్చి ఇస్తామనీ ప్రకటించింది. అప్పటికి ప్రపంచవ్యాప్తంగా నమోదైన సంఘటనలు వంద దాకా ఉన్నాయి. మన దేశంలో ఆ ఫోన్లు ఊరూరా ఉండేవి కనుక, బ్యాటరీ వెనక ఉన్న సంఖ్యను చూసుకోవడం ఆ రోజుల్లో ఇంటింటి పని అయింది.

2016లో జరిగినది మరింత ఆలోచింపజేస్తుంది. శామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోన్లు కొన్ని మంటలంటుకోవడంతో సంస్థ సెప్టెంబరులో సుమారు 25 లక్షల ఫోన్లను వెనక్కి పిలిచి, మరొక తయారీదారు బ్యాటరీలున్న ఫోన్లను మార్చి ఇచ్చింది. ఆ కొత్తవీ కొన్ని మండాయి. అక్టోబరులో ఆ ఫోన్ తయారీనే ఆపేశారు. 2 లక్షల ఫోన్లనూ 30,000 బ్యాటరీలనూ పరీక్షించాక 2017 జనవరిలో కారణాలు ప్రకటించారు. మొదటి బ్యాటరీలో లోపం ఒకటి, మార్చి ఇచ్చిన బ్యాటరీలో లోపం వేరొకటి. మార్చినంత మాత్రాన మంచిది వచ్చినట్టు కాదు. మార్చినదాన్నీ మొదటిదానంత శ్రద్ధగా పరీక్షించాలి.

మన దేశంలో ఎలక్ట్రానిక్ వస్తువులకు తప్పనిసరి రిజిస్ట్రేషన్ ఉత్తర్వు 2012లో వచ్చింది. 2014లో వెలువడిన ప్రకటన ఫోన్ల వంటి సాధనాలలో వాడే బ్యాటరీలను కూడా దాని పరిధిలోకి తెచ్చింది. ఐఎస్ 16046 అనే ప్రమాణం ప్రకారం బ్యాటరీని కింద పడవేసి, రెండు కొనలనూ కలిపి, నలిపి, 130 డిగ్రీల వేడిలో ఉంచి చూస్తారు. గట్టెక్కితే భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తుతో పాటు 'ఆర్' అనే ఇంగ్లీషు అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ సంఖ్య వేసుకోవచ్చు. అయితే ఒకటి గమనించండి. ఇవి ప్రధానంగా భద్రతకు సంబంధించిన పరీక్షలు. ఆ గుర్తు ఉన్నంత మాత్రాన బ్యాటరీ మీది ఎం.ఏ.హెచ్. అంకెకు ప్రభుత్వం పూచీ పడినట్టు కాదు. అంకెను పరీక్షించే పని వేరేగా ఉంది.

ఇంట్లో పరీక్ష ఎలా?

ప్రయోగశాలలో ధారణ శక్తిని కొలిచే పద్ధతి ఇది. బ్యాటరీని పూర్తిగా ఛార్జి చేసి కొంతసేపు ఉంచుతారు. తరువాత సుమారు 20 డిగ్రీల వాతావరణంలో, అయిదు గంటలలో ఖాళీ అయ్యేంత స్థిరమైన ప్రవాహంతో, నిర్ణీత వోల్టేజి దాకా ఖాళీ చేస్తారు. ప్రవాహాన్ని గంటలతో గుణిస్తే అసలు అంకె వస్తుంది. ప్రవాహం పెంచినా, చలి పెరిగినా ఫలితం తగ్గుతుంది. అందుకే ఏ పరిస్థితుల్లో కొలిచారో చెప్పని అంకెకు అర్థం లేదు.

ఇంట్లో మీకు అంత సాధన సంపత్తి ఉండదు. ఛార్జరుకూ ఫోన్‌కూ మధ్య తగిలించే చిన్న యూఎస్‌బీ మీటరు బజారులో దొరుకుతుంది. ఫోన్ పూర్తిగా ఖాళీ అయ్యాక స్విచాఫ్ చేసి, నిండేవరకు ఛార్జి చేసి, మీటరులో వాట్ అవర్ల అంకె చూడండి. ఎం.ఏ.హెచ్. అంకె చూడకండి. మీటరు కొలిచేది 5 వోల్టుల వద్ద, బ్యాటరీ లెక్క 3.7 వోల్టుల వద్ద, కనుక రెండూ కలవవు. ఛార్జింగ్‌లో కొంత శక్తి వేడిగా పోతుంది కాబట్టి లోపలికి వెళ్ళింది బ్యాటరీలో నిలిచినదానికంటే ఎప్పుడూ ఎక్కువే. కాబట్టి 3,000 ఎం.ఏ.హెచ్., అంటే 11 వాట్ అవర్లు, అని రాసుకున్న బ్యాటరీ నిండడానికి 8 వాట్ అవర్లే తీసుకుంటే ఇక వాదన అక్కరలేదు. ఆ అంకె తప్పు.

ఏడీ-ఎక్స్2 కథ నేర్పిన జాగ్రత్త ఇక్కడ అవసరం. కొత్త బ్యాటరీ వేయించుకున్న రోజునే చాలామంది ఫోన్‌లోని అనవసరమైన అప్లికేషన్లు తీసేస్తారు, తెర వెలుగు తగ్గిస్తారు. ఫోన్ ఎక్కువ సేపు నిలుస్తుంది, పేరు బ్యాటరీకి దక్కుతుంది. అందుచేత వీలైతే కంపెనీ కొత్త బ్యాటరీతో, కాకపోతే పాతదానితో, అదే ఫోన్‌లో, అదే వెలుగుతో, అదే వీడియో నడిపి రెండింటినీ పోల్చండి. మే నెల ఎండలో ఒకటి, డిసెంబరు చలిలో ఒకటి కొలిచి పోల్చకండి. ఒక్కసారితో సరిపెట్టుకోక మూడుసార్లు చేయండి. ఫోన్ తెర మీది శాతాన్ని మొదటి కొద్ది రోజులు నమ్మకండి, కొత్త బ్యాటరీని ఫోన్ లెక్క కట్టుకోవడానికి కొంత వ్యవధి పడుతుంది. ఎడిసన్ అనుభవం గుర్తుంచుకొని, ఆరు నెలల తరువాత ఇదే పరీక్ష మళ్ళీ చేసి అంకె ఎంత తగ్గిందో రాసుకోండి. బ్యాటరీ ఉబ్బినా, చెయ్యి పెట్టలేనంతగా వేడెక్కినా పరీక్ష అక్కడితో ఆపి దాన్ని తీయించేయండి. గుచ్చి చూడడం, విప్పి చూడడం ఎన్నడూ చేయవద్దు.

ఇంత శ్రమ ప్రతి కొనుగోలుదారూ పడాలా? పడనక్కరలేని రోజు రావాలి. ఆ దిశలో కొన్ని అడుగులు పడ్డాయి. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం, స్మార్ట్‌ఫోన్ బ్యాటరీ 800 సార్లు ఛార్జి అయి ఖాళీ అయ్యాక కూడా మొదటి ధారణ శక్తిలో 80 శాతం నిలుపుకోవాలి. వోల్టా కాలంలో నాలుక మీది చురుకుతో మొదలైన కొలత అక్కడ చట్టంలో ఒక అంకెగా స్థిరపడింది. మన దగ్గర దుకాణం బల్ల మీద పెట్టిన బ్యాటరీకి ఆ పరీక్ష ఎవరు చేశారన్నది ఇంకా కొనేవారే అడిగి తెలుసుకోవలసిన విషయం. ఈసారి 'డబుల్ బ్యాకప్' అన్న మాట వినబడితే దుకాణదారును మూడు ప్రశ్నలు అడగండి. దేనితో పోల్చి రెట్టింపు? ఏ పరిస్థితుల్లో కొలిచారు? కొలిచినది అమ్మేవారా, వేరెవరైనానా?